తీగ కొనేముందు గోటితో చీల్చి చూడు

చిన్నోడా,

ధర్మాబాద్ చేన్ల ఇరవై గుంటలు పుదీన పెడతవని మీ అమ్మ ఫోన్ల చెప్పింది. సంబురమైంది. మా ఇంట్ల ఈ వయసుకు భూమి దిక్కు చూసినోడివి నువ్వే. ఆ వెంటనే గుబులు కూడా పట్టుకున్నది, నాటనీకి తీగ, అదే భూమిల పారే పుదీన కాడ, ఎక్కడిది తెస్తడో అని.

ముందు లెక్క చూసుకో. గుంటకు 1,089 చదరపు అడుగులు. అడుగుకో ముక్క పెడితే, కాలువలు పోను గుంటకు వెయ్యి పడ్తయి. 20 గుంటలకు 20 వేలు. అన్ని ఒక్కసారే కొనకు. మొదలు ఒక్క గుంట తల్లిమడి పెంచు, దాని తీగతోనే మిగతాది నాటుకో. విత్తనం జోలికి పోకు, తల్లి గుణం నిలవదు, ఒక్కో మొక్కకు ఒక్కో వాసన వస్తది. బజారు కట్ట గుచ్చితే ఇంటి కుండీకి సరిపోతది, అంతే.

ఇగ నా భయం చెప్త, మంచిగ విను. "పాత తోట తీసేస్తున్నం, తీగ అగ్గువకు ఇస్తం" అని ఎవరన్న అంటరు. ఎందుకు తీసేస్తున్నరో అడగొద్దా? పైన ఆకు పచ్చగనే ఉంటది, భూమిల తీగ కుళ్ళి ఉంటది. ఆ కుళ్ళు తీగతోపాటే నీ మడికి వస్తది. మనది రేగడి, నీళ్ళు పట్టుకుంటది, ఒక్క మూల మొదలైతే చాలు. మందు పోసినా మట్టిల బూజు పూర్తిగ పోదు, మళ్ళ అక్కడ పుదీన పెడితే మళ్ళ పడిపోతది.

అందుకే తోటకు నువ్వే పో. నాలుగు చోట్ల గుప్పెడు తవ్వి మట్టి కడుగు. మంచి తీగ తెల్లగ ఉంటది, విరిస్తే చిక్కుడుకాయ లెక్క టప్పుమంటది. గోటితో నిలువున చీల్చు. లోపల గోధుమ రంగు గీత కనబడ్డా, మెత్తగ నలిగినా, వద్దని చెప్పి వాపస్ రా. మొహమాటపడకు, నీకు ఆ రోగం మీ బాపు నుంచే వచ్చింది. తర్వాత ఆకు తిరగేసి తెల్ల రుమాలుతో రుద్దు. ఇటుక పొడి లెక్క అంటితే తుప్పు తెగులు. తుప్పుకు తీగను 44 డిగ్రీల నీళ్ళల్ల 10 నిమిషాలు ముంచి, చల్ల నీళ్ళల్ల తీసే ఉపాయం ఉన్నది. థర్మామీటర్ లేకుంట చేస్తే ఉడికిపోతది. కుళ్ళుకు మాత్రం అది పనికిరాదు.

నాటుడు దసరా దాటినంక పెట్టుకో. ఎండాకాలం మన ఎండకు చిన్న మొక్క నిలవదు. మడి మూడడుగుల వెడల్పు, అర అడుగు ఎత్తు. పచ్చి పెంట వెయ్యకు, చెదలు వస్తయి. ట్రైకోడెర్మా అని కుళ్ళు బూజును అణిచే మంచి బూజు పొడి ఉంటది, అది 2 కిలోలు, 90 కిలోల మాగిన పెంటల కలిపి నీడల తడిగ వారం ఉంచి ఎకరానికి చల్లు; నీకు అందుల సగం చాలు.

తీగను నాలుగంగుళాల ముక్కలు చెయ్యి, మూడు గణుపులన్న ఉండాలె. రెండంగుళాల లోతుల పడుకోబెట్టి, సాయంత్రం పూట నాటి అప్పుడే తడి పెట్టు. తవ్విన తీగ ఎండ తగిలితే గంటలల్ల వాడుతది, తడి గోనెసంచిల చుట్టి తెచ్చి ఆ దినమే నాటాలె. మొదటి కోత రెండు నెలలకు, మొదలు రెండంగుళాలు ఉంచి కొయ్యి.

తీగ చూడనీకి పోయే దినం ముందే చెప్పు. బిలోలి నుంచి పొద్దుగాల బస్సుకే వస్త. రుమాలు నేనే తెస్త, నీ దగ్గర తెల్లది ఉండదు.

మీ పెద్దబాపు