పాత అతీంద్రియ అనిమేలో ఇద్దరు మగవాళ్ల మధ్య పైకి చెప్పని ప్రేమ ఎందుకంతగా పట్టేస్తుంది?

మగవాళ్ల ప్రేమను దాపరికం లేకుండా చూపించే సిరీస్‌లు ఇప్పుడు ఇన్ని వస్తున్నాయి కదా, అయినా 1990లు, 2000ల నాటి దెయ్యాలు, శాపాల అనిమే (జపాన్ యానిమేషన్) కోసం కొందరు ఇంకా ఎందుకు వెతుక్కుంటారని నన్ను ఒకరు అడిగారు. అలా వెతుక్కునేవాళ్లలో నేనూ ఒకదాన్ని. నా జవాబు ముందే చెప్పేస్తాను. ఆ కథల్లో మనుషులు నోరు విప్పి చెప్పని మాటను వాళ్లున్న లోకపు నియమాలు చెబుతాయి. ఒక శాపం, ఒక పందెం, ఒక మంత్రం ఎలా పనిచేస్తుందో అర్థమయ్యేసరికి, ఎవరికి ఎవరంటే ప్రాణమో మనకి తెలిసిపోతుంది. కింద కథల ముగింపులు కూడా రాస్తున్నాను. ఇంకా చూడనివాళ్లు గమనించగలరు.

నాకు ఇది పట్టుకున్నది ఇంజినీరింగ్ హాస్టల్లో. ఒక సీనియర్ అక్క హార్డ్ డిస్క్‌లో 'యామి నో మత్సుయే' ఉండేది. 2000లో వచ్చిన సిరీస్, మొత్తం 13 ఎపిసోడ్లే. ఒకే లాప్‌టాప్ చుట్టూ చేరి సబ్‌టైటిల్స్ చదువుకుంటూ చూశాం. మొదట్లో అందరం నవ్వాం, ఎందుకంటే అది యమలోకపు ఆఫీసు కథ. మన యముడే బౌద్ధంతో పాటు చైనా మీదుగా జపాన్ చేరి ఎన్మా అయ్యాడు. ఆయన కింద డిపార్ట్‌మెంట్లు, ఫైళ్లు, బడ్జెట్ కష్టాలు. చిత్రగుప్తుడి చిట్టాలు, యమధర్మరాజు దర్బారు సినిమాల్లో చూస్తూ పెరిగిన మాకు అదేమీ కొత్త లోకం అనిపించలేదు. కథానాయకుడు త్సుజుకి చనిపోయి డెబ్భై ఏళ్లు దాటినా అక్కడే ఉద్యోగం చేస్తుంటాడు. స్వీట్లంటే పిచ్చి. రావాల్సిన వేళకి పైలోకానికి రాని ప్రాణాల సంగతి తేల్చడం అతని డ్యూటీ.

ఆ ఆఫీసులో ఒక నియమం ఉంది: ఎవరూ ఒంటరిగా పనికి వెళ్లకూడదు, ఇద్దరిద్దరుగా వెళ్లాలి. ఈ సిరీస్ నడిచేదంతా దీనిమీదే. వాళ్లు చచ్చిపోయినవాళ్లు. పెళ్లి, ఇల్లు, పిల్లలు, ముసలితనం ఏవీ వాళ్లకి లేవు. గాయమైతే మానిపోతుంది, వయసు పెరగదు. ఒక మనిషి ఇంకొకరితో పంచుకోగలిగినవన్నీ తీసేస్తే మిగిలేది ఒక్కటే, రేపటి డ్యూటీకి నా పక్కన ఎవరుంటారు అన్నది. పక్కనున్నవాడు ఆర్డర్ ప్రకారం ఉన్నాడా, ఇష్టపడి ఉన్నాడా? పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. చూసేవాళ్లం ఆ తేడా కోసం ప్రతి సీన్‌నీ గాలిస్తూ కూర్చుంటాం. ప్రేమ అని ప్రకటించేస్తే ఈ గాలింపు ఉండదు.

ఆఫీసు లెక్కలు చూసే తత్సుమిని తీసుకోండి. మహా పిసినారి, పైసా రాల్చడు. మాంగాలో, అంటే ఈ సిరీస్‌కి మూలమైన జపాన్ కామిక్‌లో, అతని గతం తెలుస్తుంది: ఒకప్పుడు అతను త్సుజుకికి జంటగా పనిచేసి, త్సుజుకి లోపల ఉన్న దుఃఖాన్ని దగ్గరుండి చూడలేక తప్పుకున్నాడు. ఆ తర్వాత అతను చేసేదంతా దూరం నుంచే. ఖర్చుల గురించి తిడతాడు, వెనకాల కాపలా కాస్తాడు. ఒక మనిషిని వదిలేసిన తర్వాత కూడా ఆ మనిషిని వదల్లేకపోవడం అతనిలో కనిపించినంత స్పష్టంగా నేను ఇంకెక్కడా చూడలేదు. అతని నోట ఒక్క ప్రేమ మాట రాదు.

చివరి నాలుగు ఎపిసోడ్లు క్యోటోలో జరుగుతాయి. తాను మనిషినో కాదో తెలియని భయం, చేతుల మీదుగా పోయిన ప్రాణాల భారం త్సుజుకిని అక్కడ పూర్తిగా కుంగదీస్తాయి. యమలోకపు ఉద్యోగిని కూడా కాల్చేయగల మంటలున్న తోదా అనే దైవసర్పాన్ని అతనే పిలిచి, ఆ మంటల్లో తను ఉండిపోవాలనుకుంటాడు. అప్పుడు అతని జంట హిసోకా లోపలికి వెళ్తాడు. హిసోకా ఎవరినైనా తాకితే వాళ్ల బాధ అతనిలోకి వచ్చేస్తుంది. చిన్నప్పుడు కన్నవాళ్లే ఈ శక్తికి భయపడి అతన్ని బంధించి ఉంచారు. అందుకే మనుషుల స్పర్శ అంటేనే అతను ముడుచుకుపోతాడు. అలాంటి కుర్రాడు, బతకాలన్న కోరికే పోయిన మనిషిని వెళ్లి కావలించుకున్నాడంటే ఆ నిరాశనంతా తనలోకి తీసుకుంటున్నాడన్నమాట. అది ఎంత పెద్ద నిర్ణయమో ఆ శక్తి గురించి మనకి ముందే తెలిసి ఉండటంవల్ల తెలుస్తుంది. మామూలు లోకంలో ఆ కౌగిలి ఒక కౌగిలి మాత్రమే. ఆ బంధాన్ని నేను ప్రేమకథగా చూడను. హిసోకా పదహారేళ్లకే చనిపోయినవాడు, త్సుజుకి పెద్దవాడు. ఒకరికోసం ఒకరు ఉండిపోవడం అని చెప్పుకుంటే నాకు చాలు. మా రూమ్‌లో ఆ రాత్రి ఎవరూ మాట్లాడలేదు. కాకినాడ నుంచి వచ్చిన ఒకమ్మాయి మాత్రం ఏడుస్తూనే ఉంది.

ఆ క్యోటో కథలోనే ఒరియా అనే మనిషి ఉంటాడు. విలన్ మురాకికి పాత స్నేహితుడు. మురాకి ఏం చేస్తున్నాడో అతనికి తెలుసు. ఆపలేడు, అసహ్యించుకోలేడు. మురాకి లాబ్ తాళంచెవి కోసం హిసోకా వచ్చినప్పుడు కత్తి తీసి పోరాడి, చివరికి తనే ఆ తాళంచెవి ఇచ్చేస్తాడు. అతను తెరమీద ఉండేది కాసేపే. కానీ ఒక దుర్మార్గుణ్ణి ఇష్టపడిపోయి అందులోంచి బయటపడలేని మనిషి జీవితమంతా ఆ తాళంచెవి ఇవ్వడంలో ఉంది.

ఇక మాంగా గీసే క్లాంప్ బృందంవాళ్ల 'టోక్యో బాబిలోన్', దాని తర్వాతి కథ 'ఎక్స్'. 'టోక్యో బాబిలోన్' మాంగా 1990 నుంచి 1993 దాకా వచ్చింది. 1992, 1994లో రెండు వీడియో ఎపిసోడ్లు తీశారు. సుబారు మంత్రవిద్య తెలిసిన వంశానికి చిన్న వయసు పెద్ద. సెయ్‌షిరో పశువుల డాక్టరు, చిరునవ్వు చెరగని మనిషి, రహస్యంగా హంతకుడు. ఇద్దరి మధ్యా సుబారుకి గుర్తులేని ఒక పందెం ఉంటుంది. ఒక ఏడాది నీతో గడుపుతాను, ఆ లోపు నువ్వు నాకు మిగతా వస్తువుల్లాంటివాడివి కాదని అనిపిస్తే నిన్ను చంపను, అనిపించకపోతే చంపుతాను. ఇది సెయ్‌షిరో పెట్టిన పందెం. చదువుతున్నంతసేపూ అతని మంచితనమంతా నటనేమో అనే టెన్షన్ ఉంటుంది. ఏడాది పూర్తయ్యాక నువ్వు ఓడిపోయావు అని సుబారుకి చెప్పేస్తాడు.

'ఎక్స్'లో సుబారు పాతికేళ్ల మనిషిగా తిరిగొస్తాడు. సెయ్‌షిరో చేతిలో చనిపోయిన అతని అక్క హొకుతో పోతూ పోతూ ఒక మంత్రం వేసి వెళ్లింది. తనను చంపినట్టే సుబారునీ చంపబోతే ఆ దెబ్బ సెయ్‌షిరోకే తగులుతుంది. ఈ సంగతి సెయ్‌షిరోకి తెలుసు. తెలిసి కూడా రెయిన్‌బో బ్రిడ్జి మీద సరిగ్గా అదే దెబ్బకి చెయ్యి ఎత్తుతాడు. ఫలితం ముందే రాసిపెట్టి ఉంది. అంటే అతను ఎవరి చేతిలో చావాలనుకున్నాడో, పందెంలో నిజానికి ఎవరు ఓడిపోయారో ఆ ఒక్క కదలికతో బయటపడింది. చివరి ఊపిరితో సుబారు చెవిలో ఒక మాట చెబుతాడు. మాంగాలో ఆ మాట మనకి చూపించరు. దాని మీద అభిమానులు ఎంత వాదించుకున్నారో చెప్పలేను. నాకైతే ఆ మాట అక్కర్లేదు. మంత్రం సంగతి తెలిసి చెయ్యి ఎత్తినప్పుడే జవాబు వచ్చేసింది.

ఇది అనిమేతో పుట్టింది కాదు. 1776లో అచ్చయిన ఉఎదా అకినారి 'ఉగెత్సు మోనొగతారి'లో చామంతి పండగ కథ ఒకటుంది. సామోన్ అనే పండితుడు జబ్బుపడ్డ సోయెమోన్ అనే సమురాయ్‌కి సేవ చేసి బతికిస్తాడు. ఇద్దరూ అన్నదమ్ములమని ప్రమాణం చేసుకుంటారు. తొమ్మిదో నెల తొమ్మిదో రోజుకి తిరిగొస్తానని మాటిచ్చి సోయెమోన్ ఊరికి వెళ్తాడు, అక్కడ అతన్ని కోటలో బంధిస్తారు. ఆ రోజు సామోన్ పొద్దుటి నుంచీ భోజనం సిద్ధం చేసి ఎదురుచూస్తాడు. అర్ధరాత్రి సోయెమోన్ వస్తాడు గానీ ఒక్క మెతుకు ముట్టడు. మనిషి ఒక్కరోజులో అంత దూరం రాలేడు, ఆత్మ రాగలదు, అందుకే ప్రాణం తీసుకుని వచ్చానంటాడు. మాట తప్పకుండా ఉండటానికి దెయ్యం అయ్యాడు! వాళ్లని అకినారి ప్రేమికులని రాయలేదు, అన్నదమ్ములనే రాశాడు. అయినా చదివినవాళ్లు ఇన్ని తరాలుగా ఆ కథలో అంతకంటే ఎక్కువే చూస్తున్నారు. అదే పుస్తకంలో ఒక బాలుడి మీద మోహంతో మతిపోయి పిశాచంగా మారిన సన్యాసి కథ కూడా ఉంది. ఆప్యాయత, భయంకరమైన మోహం, రెండింటికీ దెయ్యాల కథే చోటు ఇచ్చింది.

మరి ఆ 1990ల కథలు పూర్తిగా మగవాళ్ల ప్రేమకథలుగానే ఎందుకు రాలేదు? జపాన్‌లో అలాంటి కథలకి 1978 నుంచే 'జునె' లాంటి పత్రికలున్నాయి. అంతకుముందే హగియో మోతో, తకెమియా కెయ్‌కో లాంటి రచయిత్రులు అమ్మాయిల పత్రికల్లో అబ్బాయిల మధ్య అనురాగాన్ని రాశారు. హగియో 1972లో మొదలుపెట్టిన 'పో నో ఇచిజోకు' ఎప్పటికీ పెద్దవాళ్లు కాని రక్తపిశాచి అబ్బాయిల కథ. 'యామి నో మత్సుయే' వచ్చిన 'హనా తో యుమే' కూడా అలాంటి అమ్మాయిల పత్రికే. రాసిన మత్సుషితా యోకో ఆడమనిషి, క్లాంప్‌లో ఉన్నవాళ్లూ ఆడవాళ్లే. అంటే పాఠకులకి ఈ భాష అప్పటికే తెలుసు. ఒక చూపు చాలు, మిగతాది వాళ్లే అందుకుంటారు. చెప్పకుండా వదిలేసినదాన్ని అభిమానులు సొంతంగా కథలుగా రాసి 1975లో మొదలైన కోమికెట్ లాంటి సంతల్లో అమ్మేవారు. క్లాంప్ కూడా మొదట అలా సొంతంగా అచ్చేసుకున్న బృందమే.

మా పిన్ని కూతురు ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. నేను చూపిస్తే రెండు ఎపిసోడ్లు చూసి, "అక్కా, వీళ్లకి చెప్పే ధైర్యం లేదు, దాన్ని నువ్వు అందం అంటున్నావు" అంది. ఆ మాటలో నిజం ఉంది. ఆశపెట్టి చూసేవాళ్లని కట్టిపడేసి, చివరికి స్నేహితులే అని చేతులు దులిపేసుకున్న సిరీస్‌లు చాలానే ఉన్నాయి. వాటిని నేను వెనకేసుకురాను. తెరమీద తమలాంటి జంట కనిపించాలని ఎదురుచూసిన మనిషికి సూచనలు సరిపోవు, సూటిగా చెప్పే కథలు రావడమే న్యాయం. నేను గొప్పవంటున్నవి వేరే రకం. వాటిలో మౌనానికి కారణం కథ లోపలే ఉంటుంది. సెయ్‌షిరో చెప్పకపోవడానికి కారణం, ప్రేమించడం తనకి చేతకాదని అతను నమ్మడం. తత్సుమి చెప్పకపోవడానికి కారణం, ఒకసారి వదిలి వెళ్లినవాడికి ఆ హక్కు లేదనుకోవడం. అలాంటి కారణం లేకపోతే అది పిరికితనమే, మా పిన్ని కూతురు అన్నదే నిజం.

ఇంకో లోపం గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది. మురాకి చిన్నపిల్లాడైన హిసోకా మీద చేసింది ఘోరం. తెల్లకోటు, వెండిరంగు జుట్టు, గులాబీలతో ఆ సిరీస్ అతన్ని కొన్నిచోట్ల మురిపెంగా చూపిస్తుంది. పురుషుణ్ణి కోరుకునే పురుషుడంటే వేటగాడే అనిపించేలా ఒక్క విలన్ మీదే శారీరక వాంఛంతా పెట్టడం ఆ కాలపు కథల్లో తరచూ కనిపించే తప్పు. 'టోక్యో బాబిలోన్'లో కూడా సుబారుకి పదహారేళ్లు, సెయ్‌షిరో పెద్దవాడు. ఆ వరసని కథ కొన్నిసార్లు సరదాగా తీసుకుంటుంది, నేను తీసుకోలేను. అందుకే నా మనసు 'ఎక్స్'లోని పెద్దవాడైన సుబారు దగ్గరే ఆగుతుంది. ఇష్టమైనదాంట్లో ఉన్న తప్పుని చూస్తూనే ఇష్టపడవచ్చు, మా పిన్ని కూతురికీ అదే చెప్పాను.

చూడాలనుకుంటే 'యామి నో మత్సుయే'తో మొదలుపెట్టండి. మొదట్లో వచ్చే నాగసాకి కథ కాస్త తొందరగా నడుస్తుంది, అక్కడే ఆపేయకండి. హింస, ఆత్మహత్య ప్రస్తావనలు చాలా ఉన్నాయి, మనసు బాగోలేని రోజుల్లో వద్దు. 'టోక్యో బాబిలోన్' వీడియో ఎపిసోడ్లు రెండూ విడి కేసులు, పందెం ముగింపు వాటిలో లేదు. దానికి ఏడు సంపుటాల మాంగా చదవాల్సిందే. 2021లో కొత్తగా తీయబోయిన అనిమే దుస్తుల డిజైన్లు కాపీ అని తేలి రద్దయింది, కాబట్టి దానికోసం వెతక్కండి. మాంగా చదివాక 2001లో మొదలైన 24 ఎపిసోడ్ల 'ఎక్స్' టీవీ సిరీస్ చూడండి. 1996 సినిమా బొమ్మల పరంగా అద్భుతమే గానీ సుబారు, సెయ్‌షిరోల కథకి అందులో చోటు లేదు. 'ఎక్స్' మాంగా 2003లో ఆగిపోయి ఇప్పటిదాకా పూర్తికాలేదు, అది తెలిసే మొదలుపెట్టండి. సబ్‌టైటిల్స్‌తోనే చూడండి. మురాకికి హయామి షో ఇచ్చిన గొంతు వింటే, అంత చెడ్డవాణ్ణి ఒరియా ఎందుకు వదల్లేకపోయాడో అర్థమవుతుంది.