పనికెళ్లేవారి ప్రయాణం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మెహదీపట్నం నుంచి మణికొండకు ఇంటిపనికి వెళ్తాను. నా పాత ఆధార్‌లో అడ్రసు హైదరాబాదే అయినా రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అని ఉంది. ఫ్రీ బస్సుకు పనికొస్తుందా? ఫోన్లో ఫొటో చూపిస్తే చాలదా?

జవాబు: ఫోన్లో ఫొటో, జిరాక్స్ చెల్లవమ్మా. ఒరిజినల్ కార్డే ఉండాలి. 2023 డిసెంబరు 9న మొదలైన, ఆడవాళ్లకు ఫ్రీ బస్సు ఇచ్చే మహాలక్ష్మి పథకం తెలంగాణ వాసులకే కాబట్టి, కండక్టరు ముందుగా చూసేది రాష్ట్రం పేరే. పాన్ కార్డులో అసలు అడ్రసే ఉండదు, అందుకే అదీ కుదరదు. తెలంగాణ అడ్రసుతో ఓటరు కార్డు ఉంటే రేపట్నుంచే అది పట్టుకెళ్లండి. ఈలోగా ఆధార్ కేంద్రంలో అడ్రసు సరిచేయించుకోండి. దానికి ఫీజు 75 రూపాయలు, రసీదు తప్పక తీసుకోండి.

ఫ్రీయే కదా అని జీరో టికెట్ (కండక్టరు ఇచ్చే సున్నా రూపాయల టికెట్) తీసుకోకుండా కూర్చోవద్దు. ఆ టికెట్ల లెక్క మీదే ప్రభుత్వం ఆర్టీసీకి డబ్బు కడుతుంది. చెకింగ్‌లో టికెట్ లేకపోతే 500 రూపాయల జరిమానా పడుతుంది. టోలిచౌకిలో బస్సు మారితే రెండో బస్సులో మళ్లీ తీసుకోవాలి. ఎక్కే ముందు బస్సు మీద పేరు చదవండి. సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ ఫ్రీ. మెట్రో డీలక్స్ కాదు, మెట్రో రైలూ కాదు. మూడింటికీ ‘మెట్రో’ అన్న మాట ఉండటంతోనే పొరపాటు జరుగుతుంది.

ప్రశ్న: ఉప్పల్లో ఉంటాను. కొండాపూర్లో సెక్యూరిటీ గార్డుని. సికింద్రాబాద్‌లో బస్సు మారాలి. నెల పాసు తీసుకుంటే లాభమేనా?

జవాబు: రెండు బస్సులు మారేవాళ్లకు సాధారణంగా లాభమే. మారిన ప్రతిసారీ మొదటి స్టేజీ నుంచి చార్జీ కొత్తగా మొదలవుతుంది, పాసుకు ఆ బాధ లేదు. 2025 జూన్‌లో పెరిగిన ధరల ప్రకారం ఆర్డినరీ పాసు 1,400, మెట్రో ఎక్స్‌ప్రెస్ పాసు 1,600 రూపాయలు. నెలకు 26 డ్యూటీలైతే ఆర్డినరీ పాసుకు రోజుకు 54, ఎక్స్‌ప్రెస్ పాసుకు 62 పడుతుంది. రానూపోనూ మీ టికెట్ల ఖర్చు అంతకు మించితే పాసు తీసుకోండి.

ఏ పాసు అన్నది తొందరపడి తేల్చకండి. ఎక్స్‌ప్రెస్ పాసుతో ఆర్డినరీ ఎక్కొచ్చు, ఆర్డినరీ పాసుతో ఎక్స్‌ప్రెస్ ఎక్కలేరు. సికింద్రాబాద్‌లో మీ డ్యూటీ టైముకు వచ్చే, కొండాపూర్ వెళ్లే 10హెచ్ బస్సులు ఏ రకమో ఒక వారం కాగితం మీద రాసుకోండి. వాటిలో ఎక్కువ ఎక్స్‌ప్రెస్‌లైతే, 200 మిగుల్చుకుందామని ఆర్డినరీ పాసు తీసుకున్నవాళ్లు స్టాపులో నిలబడి డ్యూటీకి ఆలస్యమవుతారు. గార్డుకు అరపూట జీతం కోత అంటే ఆ మిగులు ఒక్కరోజులో పోయినట్టే.

ఉప్పల్ నుంచి రాయదుర్గం దాకా మెట్రో రైలు మారకుండా వెళ్తుంది గానీ, టికెట్ గరిష్ఠంగా 69 రూపాయల దాకా ఉంది. దిగాక కొండాపూర్‌కు షేర్ ఆటో ఖర్చు వేరే. రోజూ కాకుండా, ఆలస్యమైన రోజున వాడుకోండి.

ప్రశ్న: ఫలక్‌నుమా నుంచి హైటెక్ సిటీకి ఎంఎంటీఎస్ (లోకల్ రైలు) నమ్ముకోవచ్చా?

జవాబు: చార్జీలో దానికి సాటి లేదు, 5 నుంచి 15 రూపాయలే. కానీ దూరప్రాంతపు రైళ్లు నడిచే పట్టాల మీదే ఇదీ నడుస్తుంది, వాటి కోసం ఆగాల్సి వస్తుంది. డ్యూటీకి అందే ఆఖరి రైలు కాకుండా దానికి ముందుది ఎక్కండి.

ప్రశ్న: హౌస్‌కీపింగ్ పనికి వెళ్తూ బస్సు దిగేటప్పుడు పడితే ఈఎస్‌ఐ (కార్మికుల బీమా) వర్తిస్తుందా?

జవాబు: వర్తిస్తుంది. ఈఎస్‌ఐ నిబంధనల ప్రకారం ఇంటికీ పనికీ మధ్య ప్రయాణంలో జరిగిన ప్రమాదాన్ని పనిలో జరిగినట్టే లెక్కిస్తారు. అయితే టైము, చోటు పనికి సంబంధించినవని తేలాలి. దారి మళ్లి చుట్టాలింటికి వెళ్తూ పడితే కష్టం. వైద్యంతోపాటు, పనికి వెళ్లలేని రోజులకు జీతంలో 90 శాతం వస్తుంది. వెంటనే సూపర్‌వైజర్‌కు చెప్పి యాక్సిడెంట్ రిజిస్టర్‌లో రాయించండి. ఆ రోజు టికెట్ దాచండి, జీరో టికెట్ అయినా సరే. దాని మీద తేదీ, టైము ఉంటాయి. ఆ కాగితం మీద అక్షరాలు కొన్నాళ్లకు చెరిగిపోతాయి కాబట్టి అదే రోజు ఫొటో తీసిపెట్టుకోండి.