పిల్లల సంగతి అడిగితే జవాబు మీరు చెప్పండి

పెళ్లయి నాలుగేళ్లయినా పిల్లలు కలగలేదని, చుట్టాలంతా మీ భార్యనే అంటున్నారని, ఆమె నలుగురిలోకి రావడమే మానేసిందని రాశారు. ఆమెకు ధైర్యం ఎలా చెప్పాలని అడిగారు. అన్నీ రాశారు గానీ, మీరు టెస్ట్ చేయించుకున్నారో లేదో రాయలేదు.

నేను రెండేళ్లు చేయించుకోలేదు. స్కానింగులు, రక్తపరీక్షలు, హార్మోన్ మాత్రలు అన్నీ నా భార్యకే. నేను ఫైలు పట్టుకుని బయట కుర్చీలో కూర్చునేవాణ్ణి. నిజానికి వీర్యపరీక్షంత తేలికైంది ఇంకోటి లేదు, సూది కూడా గుచ్చరు. రెండు నుంచి ఏడు రోజులు కలయికకు దూరంగా ఉండి శాంపిల్ ఇస్తే చాలు. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందికి మగవాడి వైపు నుంచీ ఏదో ఒక కారణం ఉంటుంది. కొందరికి ఇద్దరిలోనూ ఉంటుంది, కొందరికి ఎంత వెతికినా కారణమే దొరకదు. అయినా గొడ్రాలు అనే మాట ఆడదానికే పెట్టారు. మగవాణ్ణి అనడానికి అంత చప్పున నోటికొచ్చే మాట లేదు.

చివరికి వెళ్లిన రోజు, ల్యాబ్ వాళ్లిచ్చిన డబ్బా మీద నా పేరు ఎవరికీ కనపడకుండా వేళ్లతో మూసి పట్టుకున్నాను. వీర్యకణాల కౌంటూ తక్కువే, కదలికా తక్కువే. ఒక్క రిపోర్టుతో తేల్చకూడదని డాక్టర్ మళ్లీ చేయించారు, అదే వచ్చింది. వీర్యకణాలు తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి, మందుల ఫలితం చూడాలన్నా మూడు నెలలు ఆగాలన్నారు.

అసలు తప్పు ఆ తర్వాత చేశాను. తనకి తప్ప ఎవరికీ చెప్పలేదు. అమ్మ ఫోన్ చేసి "ఏమైనా విశేషమా?" అంటే తను "లేదత్తయ్యా" అని, ఫోన్ పెట్టేశాక తుడిచిన వంటగట్టునే మళ్లీ తుడిచేది. కారణం నాలో ఉందని తెలిసి కూడా ఆ మాటలన్నీ తనే పడింది. నా పరువు కోసం. నెలనెలా గర్భపరీక్ష స్ట్రిప్‌తో చూసుకుని, కాగితంలో చుట్టి చెత్తబుట్ట అడుగున పెట్టేదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అది చూశాకే ఫోన్ నేను తీసుకుని, "అమ్మా, సమస్య నాది. మందులు వాడుతున్నాను. ఇక ఈ సంగతి తనని అడగొద్దు" అన్నాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇన్నాళ్లూ ఆ పిల్లని అన్నానేంట్రా" అని ఏడ్చింది.

మీ విషయంలో కారణం ఎవరిలో ఉందో నాకు తెలియదు. ఎవరిలో ఉన్నా సరే, "మేమిద్దరం చూపించుకుంటున్నాం, ఏదైనా ఉంటే మేమే చెబుతాం" అని మీ వాళ్లకు మీరే చెప్పండి, ఆమె ముందే చెప్పండి. ఏడాది ప్రయత్నించినా గర్భం రాకపోతే, ఆమెకు 35 దాటితే ఆరు నెలలకే, ఇద్దరూ డాక్టర్ని కలవాలి. మీకు నాలుగేళ్లయింది, ఈ వారమే వెళ్లండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పిన లెక్క ప్రకారం ప్రతి ఆరుగురిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ సమస్య వస్తుంది. ఆ ఆస్పత్రి వరండాలో మీరిద్దరే ఉండరు.

మాకింకా పిల్లలు లేరు. అమ్మతో మాట్లాడిన నెలలో కూడా స్ట్రిప్ మీద ఒక్క గీతే వచ్చింది. తను ఈసారి దాన్ని దాచకుండా తెచ్చి నాకు చూపించింది.