ఊళ్లో ఉన్న నాస్‌ని సిటీ నుంచి తెరవాలంటే పోర్ట్ ఫార్వర్డింగ్ జోలికి పోకండి

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ: ఖమ్మంలో అమ్మానాన్నల ఇంట్లో రెండు డిస్కుల సినాలజీ నాస్ (ఇంటి నెట్‌వర్క్‌కి తగిలించి ఫైళ్లు దాచుకునే డబ్బా) పెట్టారు, మీరుండేది హైదరాబాద్‌లో, ఏదో వీడియో చూసి రౌటర్‌లో 5000 పోర్ట్ ఫార్వర్డ్ చేశారు (అంటే బయటి నుంచి నేరుగా నాస్ దగ్గరికి ఒక దారి తెరిచారు), ఇంటి వైఫైలో ఉన్నంతసేపూ బ్రహ్మాండంగా తెరుచుకుంటోంది, బయటికొచ్చి మొబైల్ డేటాలో కొడితే చక్రం తిరుగుతూనే ఉంటోంది. ఎక్కడ తప్పు చేశాను అని అడిగారు. మీరు తప్పేం చేయలేదండి, ఆ వీడియో ఆయన కనెక్షన్ వేరు, మనది వేరు, అంతే. నన్నడిగితే అది తెరుచుకోకపోవడమే మంచిదైంది. ఎందుకో చెప్తా.

నాదీ దాదాపు ఇదే కథ. ఇల్లు తెనాలిలో, ఉద్యోగం పుణెలో. మా ఇంట్లో పాతికేళ్ల నాటి పెళ్లిళ్ల వీడియో క్యాసెట్లు ఉండేవి, బూజు పట్టేలోపే స్టూడియోలో ఇచ్చి ఫైళ్లుగా మార్పించాం. వాటితో పాటు నా ఫోటోలు, అక్క వాళ్ల పిల్లల వీడియోలు, ఇంటి కాగితాల స్కాన్లు అన్నీ ఆ డబ్బాలో వేసి టీవీ స్టాండ్ కింద పెట్టి వచ్చేశా. తీరా పుణె వచ్చాక ఒక్క ఫైలూ తెరుచుకోలేదు. పోర్ట్ నంబర్ మార్చి చూశా, డీడీఎన్ఎస్ (మారుతుండే ఇంటి నెట్ చిరునామాకి మారని పేరు ఇచ్చే సేవ) పెట్టి చూశా, నాన్న చేత రౌటర్ రీసెట్ చేయించి ఆయన సీరియల్‌కి అడ్డం పడి తిట్లు తిన్నా. మూడు వారాల సాయంత్రాలు పోయాయి.

మీరు ముందు ఒక్కటి చూడండి. ఈసారి ఇంటికెళ్లినప్పుడు రౌటర్ పేజీలో వాన్ (బయటి నెట్ వైపు) స్టేటస్ దగ్గర ఏ ఐపీ, అంటే నెట్‌లో చిరునామా నంబర్, ఉందో రాసుకోండి, తర్వాత అదే వైఫైలో గూగుల్‌లో నా ఐపీ ఏంటి అని వెతికితే వచ్చేది కూడా రాసుకోండి. రెండూ ఒకటే అయితే మీకు సొంత పబ్లిక్ ఐపీ, అంటే బయటి నుంచి నేరుగా చేరగలిగే చిరునామా, ఉన్నట్టు. వేరువేరుగా ఉండి, రౌటర్‌లోది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు సీజీ నాట్ (ఒకే ఐపీని చాలా ఇళ్లకు పంచే ఏర్పాటు) వెనక ఉన్నట్టే (కొందరు ప్రొవైడర్లు 10తో మొదలయ్యేవి కూడా ఇస్తారు). పాత తరహా ఐపీ నంబర్లు మొత్తం కలిపి దాదాపు 430 కోట్లే, అవి ఎప్పుడో చాల్లేదు, అందుకని ప్రొవైడర్లు ఒక్క పబ్లిక్ ఐపీని చాలా ఇళ్లకు కలిపి పంచుతున్నారు, 2012లో ఈ పని కోసమే ఆ 100.64 వరుసను విడిగా కేటాయించారు. అపార్ట్‌మెంట్ మొత్తానికి ఒకే డోర్ నంబర్ ఇచ్చినట్టు అనుకోండి, లోపలివాళ్లు బయటికి ఎంతైనా వెళ్లొచ్చు గానీ బయటి నుంచి వచ్చిన కొరియర్ అతనికి ఏ ఫ్లాట్ అన్నది తెలీదు. మీ రౌటర్‌లో పోర్ట్ తెరవడమంటే మీ ఫ్లాట్ తలుపు తీసి పెట్టుకోవడమే, కింద గేటు ప్రొవైడర్ చేతిలో ఉంది.

నేను అక్కడితో ఆగలేదు, పట్టుదల ఒకటి ఏడిసింది కదా. మా కేబుల్ అతన్ని బతిమాలి, నెలకు కొంత అదనంగా కట్టి స్టాటిక్ ఐపీ (మారని సొంత పబ్లిక్ ఐపీ) తీసుకున్నా. పోర్ట్ తెరుచుకుంది, పుణెలో కూర్చుని లాగిన్ పేజీ చూసి పండగ చేసుకున్నా. మర్నాడు పొద్దున నాస్‌లో ఎవరొచ్చారో రాసిపెట్టే లాగ్ సెంటర్ తెరిస్తే గుండె జారింది. అడ్మిన్, రూట్, టెస్ట్ అనే పేర్లతో ఎక్కడెక్కడి దేశాల ఐపీల నుంచో పేజీలకు పేజీలు విఫలమైన లాగిన్ ప్రయత్నాలు! నా మీద పగతో ఎవరో చేసింది కాదు, ఇంటర్నెట్ మొత్తాన్ని పోర్ట్ తర్వాత పోర్ట్ తట్టుకుంటూ తిరిగే ప్రోగ్రాములవి, తెరిచి ఉన్న ప్రతి డబ్బా దగ్గరికీ వస్తాయి.

పాస్‌వర్డ్ గట్టిదైతే చాలదా అంటారేమో. చాలదు. 2021 ఏప్రిల్‌లో క్యూలాకర్ అనే దాడిలో క్యూనాప్ అనే కంపెనీ నాస్ డబ్బాల్లోని ఫైళ్లను పాస్‌వర్డ్ ఉన్న సెవెన్‌జిప్ ఫైళ్లుగా మార్చేసి 0.01 బిట్‌కాయిన్ అడిగారు, 2022 జనవరిలో వాటి మీదకే డెడ్‌బోల్ట్ అనే ఇంకో దాడి వచ్చి 0.03 అడిగింది. అదే 2021 జూన్‌లో వెస్టర్న్ డిజిటల్ వాళ్ల పాత మై బుక్ లైవ్ డ్రైవ్‌లైతే డబ్బులు అడగడం కూడా లేదు, ఫ్యాక్టరీ రీసెట్ అయిపోయి జనాల డేటా తుడిచిపెట్టుకుపోయింది. ఇవన్నీ సాఫ్ట్‌వేర్‌లోని లోపాల గుండా జరిగినవి, మీ పాస్‌వర్డ్ ఇరవై అక్షరాలున్నా ఒకటే. ఇది చదివిన రాత్రే నేను పోర్ట్ మూసేశా, తర్వాతి నెల స్టాటిక్ ఐపీ కూడా మాన్పించేశా. మీరూ ఆ 5000 రూల్ తీసేయండి, అలాగే రౌటర్‌లో యూపీఎన్‌పీ ఆన్‌లో ఉంటే ఆపేయండి, మీకు చెప్పకుండానే పోర్టులు తెరిచే ఘనకార్యం దానిదే.

ఇక పని చేసిన పద్ధతి. బయటి నుంచి లోపలికి రావాలని చూడటం మానేసి, లోపల ఉన్న డబ్బానే బయటికి వెళ్లి మనల్ని కలిసేలా చేయాలి. నేను వాడేది టెయిల్‌స్కేల్. ఇది వైర్‌గార్డ్ అనే వీపీఎన్ (దూరంగా ఉన్న పరికరాలను ఇంటర్నెట్ మీదుగా తాళం వేసిన సొంత దారిలో కలిపే పద్ధతి) మీద కట్టింది, ఇంట్లో వాడుకోవడానికి ఉచితం. సినాలజీ ప్యాకేజ్ సెంటర్‌లోనే దొరుకుతుంది, ఇన్‌స్టాల్ చేసి మీ గూగుల్ ఖాతాతో లాగిన్ అవ్వండి, ఫోన్‌లోనూ లాప్‌టాప్‌లోనూ అదే యాప్ వేసి అదే ఖాతాతో లాగిన్ అవ్వండి. అంతే, నాస్‌కి 100తో మొదలయ్యే ఒక ఐపీ వస్తుంది (ఇది కూడా ఆ సీజీ నాట్ వరుసలోదే, చూసి కంగారు పడకండి), అది ఎక్కడి నుంచైనా పనిచేస్తుంది, ఎప్పటికీ మారదు. నాకు మూడు వారాల్లో అవ్వనిది పదిహేను నిమిషాల్లో అయింది, సిగ్గుగా కూడా అనిపించింది. ఐఫోన్‌లో అయితే ఫైల్స్ యాప్‌లోనే సర్వర్‌కి కనెక్ట్ చేసే ఆప్షన్ ఉంది, విండోస్‌లో రన్ డబ్బాలో రెండు వెనక్కి వాలిన గీతలు పెట్టి ఆ ఐపీ కొడితే ఫోల్డర్లు వచ్చేస్తాయి.

మీకు సొంత పబ్లిక్ ఐపీ ఉండి, మూడో కంపెనీ మధ్యలో ఎందుకు అనిపిస్తే, రౌటర్‌లో ఆ సౌకర్యం ఉంటే నేరుగా వైర్‌గార్డే పెట్టుకోవచ్చు. దానికి యూడీపీ అనే రకం పోర్ట్ ఒకటి, మామూలుగా 51820, తెరవాలి, కానీ సరైన తాళం లేనివాడు ఎంత తట్టినా అది బదులే ఇవ్వదు, అక్కడ ఏదో ఉందని కూడా తెలీదు. పోర్ట్ తెరవకుండా క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ సర్వర్ల గుండా నాస్‌ని చూపించే క్లౌడ్‌ఫ్లేర్ టనెల్ గురించి కూడా ఎవరో ఒకరు చెప్తారు మీకు. వెబ్ పేజీలకు బావుంటుంది గానీ సొంత డొమైన్ కావాలి, ఉచిత ప్లాన్‌లో ఒక్కో అప్‌లోడ్ 100 ఎంబీ దాటకూడదు, పెళ్లి వీడియోలకు దండగ.

ఇప్పుడు నేను చేసిన తప్పు. టెయిల్‌స్కేల్‌లో ప్రతి పరికరం తాళానికీ (కీ అంటారు) మామూలుగా 180 రోజుల గడువు ఉంటుంది. ఆ సంగతి పేజీలో రాసే ఉంది, నేనే చదవలేదు. ఆరు నెలల తర్వాత ఒక ఆదివారం డబ్బా మాయం. కరెంటు పోయిందేమో అనుకుని ఇంటికి ఫోన్ చేశా.

"అమ్మా, టీవీ కింద డబ్బాకి పచ్చ లైటు వెలుగుతోందా?"

"పచ్చా వెలుగుతోంది, నీలమూ వెలుగుతోంది. దీపావళికి సీరియల్ బల్బులు కొనక్కర్లేదురా మనకి."

చివరికి పక్కింటి డిగ్రీ కుర్రాడిని పిలిపించి, నాన్న లాప్‌టాప్‌లో స్క్రీన్ షేర్ చేసే యాప్ పెట్టించి, అందులోంచి నాస్ తెరిచి మళ్లీ లాగిన్ అయ్యా. మీరు ఇన్‌స్టాల్ చేసిన రోజే వెబ్‌లో అడ్మిన్ పేజీకి వెళ్లి నాస్ పేరు పక్కనున్న మూడు చుక్కలు నొక్కి కీ గడువు ఆపేయండి. నాస్‌కి మాత్రమే, ఫోన్లకు గడువు ఉండనివ్వండి, ఫోన్ పోతే అదే కాపాడుతుంది.

నిజానికి ఈ మొత్తం వ్యవహారంలో నన్ను ఎక్కువ ఏడిపించింది నెట్‌వర్క్ కాదు, కరెంటు. దూరంగా ఉన్న డబ్బా ఒకసారి ఆగితే దాన్ని లేపే మనిషి కావాలి. కంట్రోల్ ప్యానెల్‌లో హార్డ్‌వేర్ అండ్ పవర్ దగ్గర, కరెంటు వచ్చాక దానంతటదే ఆన్ అయ్యే టిక్ ఒకటుంది, అది పెట్టి తీరాలి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అని ధీమాగా ఉండకండి, నేనూ అలాగే ఉన్నా, కానీ కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులోనే నాస్ ఆగి మళ్లీ లేచేది, ఎండాకాలంలో రోజుకు నాలుగైదుసార్లు. డిస్కులకు అది మంచిది కాదు. చాలా ఇన్వర్టర్ల వెనక యూపీఎస్ మోడ్ అని చిన్న స్విచ్ ఉంటుంది, అది మారిస్తే మాకు చాలావరకు తగ్గింది. అయినా నమ్మకం కుదరక తర్వాత కంప్యూటర్లకు పెట్టే చిన్న యూపీఎస్ ఒకటి కొని, దాని యూఎస్‌బీ తీగ నాస్‌కి గుచ్చా, బ్యాటరీ అయిపోతుంటే అదే పద్ధతిగా షట్‌డౌన్ అవుతుంది. ఫైబర్ డబ్బా, రౌటర్ కూడా ఆ యూపీఎస్‌లోనే పెట్టండి, నాస్ వెలుగుతూ రౌటర్ ఆరిపోతే మీకు ఒరిగేదేం లేదు. ఇంకోటి, ఆ ప్లగ్ మీద కాగితం అంటించండి. మా ఇంట్లో పని చేసే ఆవిడ ఊడుస్తూ రెండుసార్లు తీగ పీకేసింది, పాపం ఆవిడకేం తెలుసు.

స్పీడ్ గురించి అడగలేదు గానీ అడుగుతారు. బయటి నుంచి మీరు చూసేదంతా ఆ ఇంటి అప్‌లోడ్ మీద ఆధారపడుతుంది. 40 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 5 మెగాబైట్లు, 2 జీబీ వీడియో దించుకోవాలంటే అంతా సవ్యంగా ఉన్నా ఆరేడు నిమిషాలు. రెండు వైపులా సీజీ నాట్ ఉంటే ఒక్కోసారి నేరుగా కలవలేక మధ్యలో ఉండే టెయిల్‌స్కేల్ వాళ్ల రిలే సర్వర్ ద్వారా వెళ్తుంది, భద్రతకు ఢోకా లేదు, అక్కడా లాక్ అయ్యే ఉంటుంది, కానీ నెమ్మదిస్తుంది. లాప్‌టాప్‌లో టెయిల్‌స్కేల్ స్టేటస్ కమాండ్ కొడితే డైరెక్టా రిలేనా అన్నది కనిపిస్తుంది. ఇంకా, దూరం నుంచి ఫోల్డర్ తెరిచి వెయ్యి ఫోటోల థంబ్‌నెయిల్స్ కోసం ఎదురుచూడకండి, విసుగొస్తుంది. ఫోటోలకు సినాలజీ ఫోటోస్ యాప్ వేసుకుని సర్వర్ దగ్గర ఆ 100 ఐపీ ఇవ్వండి, చిన్న బొమ్మలు ముందే తయారై ఉంటాయి కాబట్టి చకచకా వస్తాయి.

డల్లాస్‌లో ఉన్న మా అక్కకి వీపీఎన్, గీపీఎన్ అంటే చిరాకు. తన కోసం మాత్రం సినాలజీ వాళ్ల సర్వర్ల ద్వారా నాస్‌ని కలిపే క్విక్‌కనెక్ట్ ఆన్ చేసి ఉంచా, పోర్ట్ తెరవక్కర్లేదు, కానీ లాగిన్ పేజీ ఇంటర్నెట్‌లోకి వచ్చినట్టే కాబట్టి తన పేరు మీద చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న వేరే ఖాతా చేశా, ఓటీపీ పెట్టా, అడ్మిన్ అనే పాత ఖాతాని మూసేశా. పుట్టినరోజు ఫోటోలకు ఇది చాలు.

రెండు డిస్కులున్నాయి కాబట్టి బ్యాకప్ ఉన్నట్టే అని మీ ప్రశ్న చివర రాశారు, అది కాదండి. ఒక డిస్కు పోతే రెండోది ఆదుకుంటుంది, నిజమే, కానీ పొరపాటున ఫోల్డర్ తుడిపేస్తే రెండిట్లోనూ ఒకేసారి పోతుంది. నేను ఊరెళ్లినప్పుడల్లా ఒక యూఎస్‌బీ డిస్కులోకి మొత్తం కాపీ చేసుకుని పుణె తెచ్చేసుకుంటా.

మీ వాన్ ఐపీ ఏమొచ్చిందో చూసి మొదటి రెండు అంకెల గుంపులు మాత్రం ఇక్కడ రాయండి, మొత్తం పెట్టొద్దు. రౌటర్ మోడల్ కూడా చెప్తే అందులో వైర్‌గార్డ్ ఉందో లేదో చూసి చెప్తా.