సమ్మె నోటీసు అందాక మంత్రులు నిజంగా చర్చిస్తారా?

ఉద్యోగ సంఘాలు సమ్మె నోటీసు ఇచ్చాక మంత్రుల కమిటీలు నిజంగా ఏమైనా తేలుస్తాయా, లేక అంతా ముందే పైన నిర్ణయమైపోతుందా అని ఒకరు అడిగారు. నేను ఆంధ్రప్రదేశ్‌లో ఒక జిల్లా ఆఫీసులో జీతాల బిల్లులు పెట్టే సీటులో పనిచేశాను. 2022 పీఆర్సీ (వేతన సవరణ) గొడవను ఆ సీటులోంచే చూశాను. నాకు అర్థమైంది ఇదీ: ముఖ్యమంత్రి నోట వచ్చిన పెద్ద అంకె కదలదు. దాని చుట్టూ ఉన్నవాటిని కదపడానికే మంత్రులను కూర్చోబెడతారు.

ఆ ఏడాది జనవరి 7న అప్పటి ముఖ్యమంత్రి జగన్ సుమారు 23 శాతం ఫిట్‌మెంట్ (మూల వేతనంపై పెంపు) ప్రకటించారు. అప్పటికే మేం తీసుకుంటున్న ఐఆర్ (మధ్యంతర భృతి) 27 శాతం! అయినా రిటైర్మెంట్ వయసు 62కి పెంచుతామనడంతో ఆ రోజు సంఘాల నాయకులు పెద్దగా గొంతెత్తలేదు. 17న జీవోలు వచ్చాక మంట లేచింది. హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) శ్లాబులు తగ్గాయి, సీసీఏ (నగర భత్యం) పోయింది, ఐఆర్‌లో ఎక్కువ ఇచ్చింది రికవరీ చేస్తారన్నారు. మా ఆఫీసులో 23కి గొణిగి ఊరుకున్నవాళ్లే, హెచ్‌ఆర్‌ఏ లెక్క వేసుకున్నాక రోడ్డెక్కారు.

24న నోటీసు ఇచ్చారు. ఫిబ్రవరి 6 అర్ధరాత్రి నుంచి సమ్మె. మంత్రులు బొత్స, బుగ్గన, పేర్ని నాని, ప్రభుత్వ సలహాదారు సజ్జల తదితరులతో కమిటీ వేసి చర్చలకు రమ్మన్నారు. ముందు జీవోలు ఆపండి, పాత జీతాలే వేయండి, పీఆర్సీపై అశుతోష్ మిశ్రా ఇచ్చిన నివేదిక బయటపెట్టండి, అప్పుడు వస్తామన్నాయి సంఘాలు. మంత్రులేమో మేం ఎదురుచూస్తున్నాం, వాళ్లే రావడం లేదని ప్రెస్‌కి చెప్పేవారు. ఆ మాట మాకు కాదు, జనానికి.

అసలు బలం తేలింది జీతాల దగ్గర. కొత్త స్కేళ్ల బిల్లులు చేసేది లేదని ట్రెజరీ ఉద్యోగులు భీష్మించారు. నా సీటుకి రెండు వైపులా టెన్షనే. బిల్లు పెట్టొద్దని సంఘం, పెట్టకపోతే చర్యలు తప్పవని పైనుంచి మెమో. చివరికి కొత్త పీఆర్సీ ప్రకారమే ఖాతాల్లో జీతాలు పడ్డాయి. పెండింగ్ డీఏలు (కరువు భత్యం) ఐదూ కలిపి ఇవ్వడంతో చాలామందికి చేతికొచ్చేది తగ్గలేదు. దాంతో పే స్లిప్పులు చూపించి 'పెరిగిందిగా' అనడం సర్కారుకి సులువైంది. పడిన జీతాన్ని వెనక్కి పంపినవాళ్లు మా దగ్గర ఒక్కరూ లేరు, నాతో సహా.

ఫిబ్రవరి 3న చలో విజయవాడ. పోలీసులు ఎక్కడికక్కడ ఆపినా బీఆర్‌టీఎస్ రోడ్డు నిండిపోయింది. ఆ తర్వాతే కమిటీ స్వరం మారింది. 5వ తేదీ రాత్రికి ఒప్పందం కుదిరింది: హెచ్‌ఆర్‌ఏ కొంత పెరిగింది, సీసీఏ తిరిగొచ్చింది, ఐఆర్ రికవరీ లేదన్నారు, పీఆర్సీ మళ్లీ ఐదేళ్లకోసారే అన్నారు. 23 మాత్రం 23గానే ఉండిపోయింది. నాయకులు సమ్మె విరమించి, మర్నాడు సీఎంని కలిశారు. ఉపాధ్యాయ సంఘాలు ఈ ఒప్పందం మాకొద్దన్నాయి. వాళ్లది మొండితనమని నేననను. అందరూ మొదట గొణిగిన ఫిట్‌మెంట్ విషయమే తేలకుండా మిగిలిపోయింది మరి.

ఇది ఒక్క ఆంధ్రా పద్ధతే అనుకోవద్దు. 2019లో తెలంగాణ ఆర్టీసీలో 48 వేల మంది అక్టోబర్ 5 నుంచి సమ్మెకు దిగారు. పెద్ద డిమాండ్ ప్రభుత్వంలో విలీనం. అక్కడ మొదట మాట్లాడింది మంత్రులు కూడా కాదు, ముగ్గురు ఐఏఎస్‌ల కమిటీ. విధులకు రానివాళ్లు తమంతట తామే ఉద్యోగం వదులుకున్నట్టే అన్నారు అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్. నవంబర్ 25న కార్మిక సంఘాల జేఏసీ సమ్మె విరమించింది. మూడు రోజులకే అందరినీ ఉద్యోగాల్లోకి తీసుకుంటామని ఆయనే ప్రకటించారు. డిసెంబర్ 1న కార్మికులను అప్పటి సీఎం నివాసం ప్రగతి భవన్‌కి పిలిచి భోజనం పెట్టి, సమ్మె కాలానికి జీతం కూడా ఇస్తామన్నారు. విలీనం ఊసు మాత్రం లేదు. ఆ బిల్లు శాసనసభకు వచ్చింది 2023 ఆగస్టులో. అప్పటికి ఎన్నికలు నాలుగు నెలల్లోపే ఉన్నాయి.