డబ్బా పాలు తాగిన పాపకు ఉబ్బసం తప్పదా?

ప్రశ్న: మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. పాలు చాలక మా పాపకు మూడో నెల నుంచే డబ్బా పాలు పట్టాను. ఇప్పుడు 14 నెలలు, బరువు 12.5 కిలోలు. మా మామగారికి ఉబ్బసం ఉంది. తల్లిపాలు సరిగా తాగని పాపకూ అది తప్పదని అత్తగారు అంటున్నారు. ఎలర్జీ భయంతో గుడ్డు, వేరుశనగ ఇంతవరకు పెట్టలేదు. ఏం చేయమంటారు?

జవాబు: మీ అత్తగారి భయం అర్థం చేసుకోదగినదే గాని, తప్పదనడం సరికాదు. తల్లిపాలు తాగే పిల్లలకు విరేచనాలు, ఊపిరితిత్తుల జబ్బులు తక్కువగా వస్తాయి; కాబట్టి ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలే పట్టాలన్న సలహాలో మార్పు లేదు. ఉబ్బసం సంగతి వేరు. బెలారస్‌లో 1996–97లో మొదలుపెట్టి 17,000 మందికి పైగా తల్లీబిడ్డలతో జరిపిన పరిశీలనలో, తల్లిపాలను ప్రోత్సహించిన ఆసుపత్రుల్లో పుట్టిన పిల్లలకు మొదటి ఏడాదిలో గజ్జి వంటి ఎగ్జిమా తగ్గింది గాని, ఆరున్నరేళ్ల వయసులో చూస్తే ఉబ్బసం తగ్గినట్టు కనిపించలేదు. పాలు చాలలేదని మిమ్మల్ని మీరు నిందించుకోవలసిన పని లేదు.

నేను ఎక్కువగా ఆలోచించేది బరువు గురించి. ఈ వయసు ఆడపిల్లలు సగటున తొమ్మిదిన్నర కిలోల లోపే ఉంటారు. పసితనంలో వేగంగా బరువు పెరిగిన పిల్లల్లో పిల్లికూతలు, ఉబ్బసం కాస్త ఎక్కువగా కనిపిస్తాయి. అలాగని కడుపు మాడ్చకండి. సీసా మాన్పించి గ్లాసు అలవాటు చేయండి, పాలను రోజుకు అర లీటరు లోపే ఉంచండి, చోడి (రాగి) జావలో పంచదార వేయకండి. పొడవు కూడా కొలిపించి, బరువును దానితో పోల్చి చూడమని డాక్టరును అడగండి.

గుడ్డు, వేరుశనగ ఆపడం వల్ల మేలు లేదు. ఎలర్జీ ముప్పు ఎక్కువున్న 640 మంది పసిపిల్లలపై లండన్‌లో జరిగి 2015లో వెలువడిన పరిశోధనలో, తొలి ఏడాదిలోనే వేరుశనగ మొదలుపెట్టినవారికి ఆ ఎలర్జీ ఐదింట నాలుగు వంతులు తగ్గింది. అయినా అంగన్‌వాడీలో ఇచ్చే ఛతువా పిండిలో వేరుశనగ ఉంటుంది. పాప దాన్ని హాయిగా తింటుంటే మీరు భయపడుతున్నది ఎప్పుడో జరిగిపోయింది! తినకపోతే మెత్తటి పొడిగా జావలో కొద్దికొద్దిగా కలపండి. గింజలు మాత్రం పెట్టవద్దు, గొంతుకు అడ్డుపడతాయి. ఒళ్లంతా ఎగ్జిమా ఉన్నా, ఏదైనా తిన్నాక దద్దుర్లు లేచినా ముందు డాక్టరుకు చూపించాలి.

ఇక పొగ. కట్టెల పొయ్యి, చుట్ట, మీ వైపు పెద్ద ఆడవాళ్లలో ఇంకా కనిపించే అడ్డపొగ (నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం) పసి ఊపిరితిత్తులకు డబ్బా పాల కంటే ఎక్కువ కీడు చేస్తాయి. జలుబు చేసినప్పుడు పాపకు డొక్కలు ఎగరేస్తూ ఆయాసం వస్తే, అది ఉబ్బసమా కాదా అని ఇంట్లో తేల్చుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.