చమురు, గ్యాస్ అమ్మే షెల్ అనే కంపెనీ 2050కల్లా నెట్ జీరో (గాలిలోకి వదిలే కార్బన్, వెనక్కి తీసే కార్బన్ సమానం కావడం) అంటోంది. ఇంతకీ ఏం తగ్గిస్తానంటోంది?

ముందు ఒక లెక్క చూడండి. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. బైకులో ఐదు లీటర్లు కొట్టిస్తే పదకొండు కిలోల పైమాటే. ఆ పొగ వచ్చేది మన సైలెన్సర్ నుంచి, రిఫైనరీ గొట్టం నుంచి కాదు. షెల్ ఉద్గారాల (గాలిలోకి వదిలే వాయువుల) లెక్కల్లో 90 శాతానికి పైగా ఇలా కొన్నవాళ్లు కాల్చగా వచ్చేదే. దీన్ని స్కోప్ 3 అంటారు.

2030కి సగానికి తగ్గిస్తామని (2016తో పోలిస్తే) కంపెనీ చెప్పేది తన సొంత ప్లాంట్ల, పనుల ఉద్గారాల గురించి. మిగతా కొండంత భాగానికి పెట్టుకున్న ముఖ్య లక్ష్యం 'కార్బన్ తీవ్రత', అంటే అమ్మిన ఒక్కో యూనిట్ శక్తికి ఎంత కార్బన్ అన్నది. నన్ను కలవరపెట్టేది ఇదే. యూనిట్‌కి 100 గ్రాముల చొప్పున 10 యూనిట్లు అమ్మితే 1000 గ్రాములు. తీవ్రతను 80కి దించి 15 యూనిట్లు అమ్మితే 1200. తీవ్రత 20 శాతం తగ్గినట్టే, గాలిలో కలిసింది మాత్రం పెరిగింది.

2024 మార్చిలో తీవ్రతకి పెట్టుకున్న 2030 తగ్గింపు లక్ష్యాన్ని కూడా 20 శాతం నుంచి 15–20కి సడలించారు. 2035కి అనుకున్న 45 శాతాన్ని వదిలేశారు. చమురు ఉత్పత్తుల వాడకం వల్ల వచ్చే ఉద్గారాలను 2021తో పోలిస్తే 2030కి 15–20 శాతం తగ్గించాలన్న కొత్త ఆశయం అప్పుడే చేర్చారు. ఇది మొత్తం మీద తగ్గింపు కాబట్టి మెరుగే, కానీ గ్యాస్‌కి వర్తించదు.

కోర్టు సంగతి: షెల్ తన ఉద్గారాలను 2019తో పోలిస్తే 2030కి 45 శాతం తగ్గించాలని 2021 మేలో నెదర్లాండ్స్‌లోని హేగ్ జిల్లా కోర్టు ఆదేశించింది. 2024 నవంబరులో అప్పీలు కోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. ఉద్గారాలు తగ్గించే బాధ్యత షెల్‌కి ఉందని మాత్రం స్పష్టంగా చెప్పింది.